బస్సు రాని ఊళ్లో జనం ఎందుకుంటారు?

ఊరికి రోడ్డు కావాలంటే ముందు తలలు లెక్కపెడతారు. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పటి నుంచీ ఇదే పద్ధతి. మైదానంలో అయితే 500 మంది, గిరిజన, కొండ ప్రాంతాల్లో అయితే 250 మంది ఉండాలి. 2024లో కేంద్రం ఆమోదించిన నాలుగో దశలో 25 వేల ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేస్తామన్నారు, సంతోషం. కానీ లెక్క మాత్రం 2011 జనగణనది! ఆ ఏడాది పుట్టిన పిల్ల పదో తరగతి వయసుకొచ్చేసింది.

సరే, రోడ్డు పడిందనుకుందాం. బస్సేది? నైట్ హాల్ట్ బస్సు ఎత్తేసిన ఊరికి ఒక్కసారి వెళ్లి చూడండి. రాత్రి వచ్చి ఊళ్లోనే పడుకుని తెల్లారకముందే బయల్దేరే ఆ బస్సులోనే పాల క్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, బీపీ మందులకు పోయే పెద్దవాళ్లు అందరూ వెళ్లేవాళ్లు. అది ఆగిపోయాక ముందు కదిలేది ఇంటర్ చదివే ఆడపిల్ల ఉన్న ఇల్లు, ఎందుకంటే చీకటి పడ్డాక పిల్ల ఆటో కోసం క్రాస్‌రోడ్డు దగ్గర నిలబడి ఉంటే ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు. టౌన్లో ఒక గది అద్దెకు తీసుకుంటారు, తల్లి పిల్లలతో అక్కడ, తండ్రి పొలం దగ్గర ఇక్కడ. కొన్నాళ్లకు పొలం కౌలుకిచ్చేసి ఆయనా వెళ్లిపోతాడు. అప్పుడు అధికారులొచ్చి, ఈ ఊళ్లో జనమే లేరు, బస్సెందుకు అంటారు.

ఖాళీ బస్సు తిప్పితే డీజిల్ ఖర్చెవరిస్తారని అడిగేవాళ్లున్నారు, ఓఆర్ (బస్సులో సీట్లు నిండే శాతం) రాని రూటు డిపోకి భారమే, నేను కాదనను. కానీ తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ల ప్రయాణం ఉచితం. ఆ టికెట్ల భారం మోయాల్సింది ప్రభుత్వమే. మరి బస్సే రాని ఊరి మహిళ చేసిన పాపమేంటి? ఆమె కట్టే పన్నుతో పక్క ఊరి మహిళ ఉచితంగా వెళ్తోంది, ఆమె మాత్రం షేర్ ఆటోలో అంచున కూర్చుని రానూ పోనూ డబ్బులిస్తోంది. ఈ పథకం పెట్టిన రోజే ప్రతి పంచాయతీకి రోజుకు ఇన్ని ట్రిప్పులని రాసిచ్చి ఉండాల్సింది.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. వంద మంది కూడా లేని గూడెంలో అయినా పురిటి నొప్పులు నొప్పులే కదా!

అసలు ఈ తలల లెక్కతోనే నాకు పేచీ. కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాదికి లోక్‌సభ సీట్లు తగ్గుతాయేమోనని మనమంతా గొంతు చించుకుంటున్నాం, న్యాయమే. 1976లో సీట్ల పంపకాన్ని 1971 లెక్క దగ్గర ఆపింది కూడా జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకు నష్టం రాకూడదనే. మరి ఢిల్లీని ఏది అడుగుతున్నామో అదే మన పల్లె మనల్ని అడిగితే ఏం చెప్తాం? జనం తగ్గారని నీ వాటా కోస్తామనేగా ఇక్కడ మనం చెప్తున్నది!

కొత్త జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వచ్చి ఊరు నింపినవాళ్లంతా తిరిగి వెళ్లిపోయిన ఆరు వారాలకు. ఆ తేదీ నాటి అంకెతోనే వచ్చే పదేళ్లు మన ఊరి రోడ్డు, బడి, బస్సు తేలుస్తారు. కాబట్టి ఈలోపే ప్రతి పంచాయతీ నుంచి కాలేజీ టైముకి ఒక ట్రిప్పు, సాయంత్రం తిరిగి రావడానికి ఒక ట్రిప్పు, ఓఆర్‌తో సంబంధం లేకుండా వేయాలి, గ్రామసభల్లో తీర్మానం చేసి మరీ అడగాలి.