వారానికి ఇరవై మారుపేర్లు

కార్లు తమలో తాము మాట్లాడుకుంటే ప్రమాదాలు తగ్గుతాయన్న ఆలోచనను అమెరికా రవాణా శాఖ ఏళ్ల తరబడి భక్తిశ్రద్ధలతో పోషించింది. ఆ ఆలోచన ప్రకారం ప్రతి కారూ తానెక్కడున్నదీ, ఎంత వేగంతో ఎటు పోతున్నదీ, బ్రేకు వేసిందీ లేనిదీ సెకనుకు 10 సార్లు చుట్టుపక్కల కార్లకు రేడియోలో చాటుకుంటుంది. మలుపు అవతలి లారీ సంగతి ముందే తెలుస్తుందంటే వద్దనేవారెవరు?

అయితే కారు కూడా అబద్ధమాడగలదని పెద్దలు ముందే గ్రహించి, ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండాలన్నారు. మాట్లాడుతున్నది అర్హత పొందిన వాహనమేనని ఆ సంతకం చెబుతుంది. మాట నిజమో కాదో చెప్పదు. గెజిటెడ్ అధికారి చూడకుండానే అటెస్ట్ చేసిన జిరాక్సుకు మనమిచ్చే గౌరవం దీనికీ ఇవ్వవచ్చు.

తరువాత గోప్యత గుర్తుకొచ్చింది. ఆ సంతకానికి ఎప్పుడూ ఒకే సర్టిఫికెట్ (కారు ఎలక్ట్రానిక్ గుర్తింపు పత్రం) వాడితే, యజమాని ఎక్కడెక్కడ తిరిగాడో రోడ్డు పక్కన రేడియో పెట్టుకున్న ఎవరైనా రాసుకోవచ్చు. అందుకని ఒక్కో కారుకు వారానికి 20 మారుపేర్ల సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతి రూపొందించారు. పెద్దమనుషుల తిరుగుళ్లు దాచడానికి ఇచ్చిన ఈ ముసుగులన్నీ ఎవడైనా తుంటరి ఒకేసారి తొడుక్కున్నాడంటే, ఖాళీ రోడ్డు మీద 20 కార్లు నిలిచిపోయినట్టు వెనకవాళ్లకు కబురందుతుంది. పైగా ఇరవై సంతకాలూ అసలైనవే. బెర్లిన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ 99 ఫోన్లను చిన్న బండిలో వేసి లాక్కుంటూ నడిచి, గూగుల్ మ్యాప్స్‌లో ఖాళీ వీధిని ఎర్రబరిచిన సంగతి 2020లో లోకమంతా చూసింది. పాపం, ఆయన ఫోన్లు పోగేసుకోవలసి వచ్చింది.

దీనికీ విరుగుడు రాశారు. ఇరుగుపొరుగు కార్లు ఫిర్యాదు చేస్తే విచారించి, దొంగ కారు సర్టిఫికెట్లను రద్దు చేస్తారు. ఫిర్యాదుల సంఖ్యను బట్టే తీర్పయితే, ఇరవై నోళ్ల కారు ఒంటరిగా నిజం చెబుతున్న కారునే దొంగను చేయగలదు. ఇరవై పేర్లూ ఒక్కరివేనని తేలితే చిక్కు వీడుతుంది గానీ, తేలకూడదనే కదా వాటిని ఇచ్చింది! ఆ గుట్టు ఒక్కచోటే ఉంటే ప్రమాదమని రెండు వేర్వేరు సంస్థలకు పంచాలన్నారు. కార్ల మధ్య నమ్మకం కుదిరే లోపు, ఒకదాన్నొకటి నమ్మనక్కర్లేని కార్యాలయాలు మాత్రం కాగితం మీద సిద్ధమయ్యాయి.

కొత్త కార్లన్నింటికీ ఈ సంభాషణను తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన 2017 జనవరిలో వెలువడింది. 1999లో ఈ ముచ్చట్ల కోసం కేటాయించిన 75 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలో 45ను 2020లో వైఫై వంటి అవసరాలకు మళ్లించారు. 2023లో ఆ ప్రతిపాదననే వెనక్కి తీసుకున్నారు. భద్రత దృష్ట్యా ఇది మెచ్చుకోదగిన నిర్ణయం: నోరే తెరవని కారు మీద తప్పుడు సాక్ష్యం కేసు పెట్టడం ఎంతటి హ్యాకరు వల్లా కాదు.