నిదానమే ప్రధానం, సర్కారుకు మరీనూ

అమెరికాలో ట్రక్కులు, బస్సుల భద్రత కోసం ప్రభుత్వం పెట్టే ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరని కొందరు గొణుగుతుంటారు. నేనొప్పుకోను. రోడ్డు భద్రతకు మొదటి సూత్రం ఏమిటి? నెమ్మదిగా వెళ్లడం. ఆ దేశంలో ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నది ట్రక్కు డ్రైవరూ కాదు, బస్సు డ్రైవరూ కాదు. సాక్షాత్తూ సర్కారే.

ముందు డ్రైవర్ సంగతి చూద్దాం. సరుకు ట్రక్కు నడిపేవాడు పది గంటలు విశ్రాంతి తీసుకుని బండెక్కితే 11 గంటలకు మించి నడపకూడదు. అదీ డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే. 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. ఒకప్పుడు ఈ లెక్కంతా కాగితం మీద ఉండేది. కాగితానికి కాస్త మొహమాటం ఉంటుంది, రాసేవాడి మాట వింటుంది. 2017 డిసెంబర్ నుంచి ఎలక్ట్రానిక్ పరికరాన్ని ఏకంగా ఇంజిన్‌కే తగిలించారు. దానికి జాలి, దయ లేవు. ఒక్క నిమిషం దాటినా దాటినట్టే రాసి పెడుతుంది.

దారిలో ఇన్‌స్పెక్టర్ ఆపితే మరో పరీక్ష. పూర్తి తనిఖీ అంటే 37 అంచెలు. లైసెన్సు, పనిగంటల లాగ్ చూశాక ఆయన చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరతాడు. బ్రేకు చాంబర్‌లోంచి బయటికొచ్చే పుష్‌రాడ్ అనే కడ్డీ మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. "బ్రేకు తొక్కిపట్టు!" అని కిందనుంచే కేకేస్తాడు. గీత ఎంత జరిగిందో స్కేలు పెట్టి కొలుస్తాడు. హద్దు మీద పావు అంగుళం ఎక్కువ జరిగితే ఆ బ్రేకు పోయినట్టే లెక్క. బండి బ్రేకుల్లో ఐదో వంతు ఇలా తేలితే ట్రక్కు అక్కడే ఆగిపోవాలి.

ఇది నిజంగా ప్రాణాలు కాపాడే పని, ఇందులో వెటకారం లేదు. ఇలాంటి తనిఖీల కోసం కేంద్రం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇచ్చే పథకం 1982 నాటి చట్టంతో పుట్టింది. ఖర్చులో సింహభాగం కేంద్రానిదే. నా బాధల్లా ఒకటే. ఆ సుద్దముక్కను ఒక్కసారి పట్టుకెళ్లి సర్కారు మీద కూడా గీత గీసి చూస్తే బాగుండును.

దూరప్రయాణాల బస్సుల్లో ప్రయాణికులకు సీటు బెల్టులు పెట్టండని ప్రమాదాలపై విచారణ జరిపే జాతీయ సంస్థ 1968లో చెప్పింది. నిబంధన 2013లో వచ్చింది. కొత్త పెద్ద బస్సులకు అమల్లోకి వచ్చింది 2016 నవంబర్‌లో. మధ్యలో 45 ఏళ్లకు పైగా సర్కారు ఎక్కడా ఓవర్‌టేక్ చేయలేదు, హారన్ కొట్టలేదు. ట్రక్కుల వేగానికి పరికరంతో కళ్లెం వేయాలని 2016లో ప్రతిపాదించారు, 2025లో వెనక్కి తీసుకున్నారు. చూశారా, ఏమీ చేయకుండా ఉండటానికి కూడా తొమ్మిదేళ్లు ఆలోచించారు!

అసలు కథ పార్కింగ్ దగ్గర ఉంది. ఇంజిన్‌కు తగిలించిన ఆ గడియారం ఇప్పటికి 10 గంటల 40 నిమిషాలు నడిపినట్టు చూపిస్తోందనుకోండి. చేతిలో ఇంకా 20 నిమిషాలుంది. రెస్ట్ ఏరియాకు వెళితే ఖాళీ లేదు. తర్వాతి ట్రక్ స్టాప్‌లోనూ బండికీ బండికీ మధ్య చీమ దూరే సందు లేదు. ముందుకు పోతే గడియారం నేరం రాస్తుంది. హైవే దిగే ర్యాంప్ పక్కన ఆపితే పోలీసు వచ్చి కిటికీ మీద కొడతాడు. పడుకోమని చట్టం ఉంది, ఎక్కడ పడుకోవాలో మాత్రం అందులో లేదు.

2009లో జేసన్ అనే డ్రైవర్ ఇలాగే చోటు దొరక్క సౌత్ కరోలినాలో పాడుబడ్డ పెట్రోలు బంకు దగ్గర ఆగాడు. అక్కడే దోపిడీ దొంగ కాల్చి చంపేశాడు. దోచుకున్నది ఏడు డాలర్లు.

ఆయన పేరుతో 2012లో చట్టం వచ్చింది. పార్కింగ్ కోసం విడిగా నిధి పెట్టకుండా, రోడ్లకిచ్చే డబ్బులోంచే కావాలంటే వాడుకోండని రాష్ట్రాలకు చెప్పింది. వంతెనలు, గుంతలు, అదనపు లేన్లు ఎగబడే పళ్లెంలో పార్కింగ్‌కు మిగిలేదెంత? దాంతోపాటు ఒక సర్వే కూడా చేయమంది. ఇది మాత్రం జరిగింది. చోటు దొరకడం తరచూ కష్టమవుతోందని నూటికి 75 మందికి పైగా డ్రైవర్లు చెప్పినట్టు 2015లో తేలింది. వెంటనే ఒక జాతీయ కూటమి ఏర్పడింది. మరో సర్వే చేశారు. 2020 నాటికి ఆ మాట అన్నవాళ్లు 98 శాతం. ఏ పథకమైనా అయిదేళ్లలో ఇంత పైకి ఎగబాకడం చూశారా?

పార్కింగ్ కోసమే 75.5 కోట్ల డాలర్లు విడిగా ఇవ్వాలంటూ అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో 2021లో ఒక బిల్లు పెట్టారు. చట్టం కాలేదు. 2023లో మళ్లీ పెట్టారు, మళ్లీ కాలేదు. ఆ బిల్లుకీ రాత్రిపూట ఆగడానికి చోటు దొరకలేదేమో!

ఈలోగా 2022లో రవాణా శాఖ పార్కింగ్ స్థలాలు ఎలా కట్టాలో వివరిస్తూ ఒక హ్యాండ్‌బుక్ తెచ్చింది. ర్యాంప్ పక్కన ట్రక్కులో నడుం వాల్చినవాడికి కనీసం తలకింద పెట్టుకోవడానికైనా పనికొస్తుందనుకున్నాను. చూస్తే అది పీడీఎఫ్.