ఓడిన రోజున దర్విష్ ఎవరివాడు?

జపాన్ బేస్‌బాల్‌లో పిచర్ (బంతి విసిరే ఆటగాడు) యు దర్విష్ ప్రస్తావన వస్తే చాలు, మిశ్రమ సంతతి పిల్లలను ఆ దేశం అక్కున చేర్చుకుంటోందనడానికి అతన్నే రుజువుగా చూపిస్తారు. ఈ వాదన నాకు మింగుడుపడదు.

తండ్రి ఇరానీయుడు, తల్లి జపనీయురాలు. 1986లో ఒసాకా ప్రాంతంలోని హబికినోలో పుట్టాడు. 2007 నుంచి 2011 దాకా వరసగా ఐదు సీజన్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వని పిచర్ అతను. దేశాల జట్లు తలపడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ 2009 ఫైనల్లో కొరియాపై చివరి అవుట్ తీసిందీ అతనే. అలాంటివాణ్ని నెత్తిన పెట్టుకోవడానికి పెద్ద మనసు అక్కర్లేదు. గెలిపించేవాణ్ని ఎవరైనా మావాడే అంటారు.

2012లో అమెరికా వెళ్లాడు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ పక్కన, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ రేంజర్స్ జట్టులో చేరాడు. మరుసటి ఏడాదే 277 స్ట్రైకౌట్లతో (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం) అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 2015లో మోచేతి ఆపరేషన్, 2017లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకు మార్పు.

ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో, అంటే అమెరికా మేజర్ లీగ్ ఫైనల్ పోరులో, డాడ్జర్స్‌కు ప్రత్యర్థి హ్యూస్టన్ ఆస్ట్రోస్. మూడో మ్యాచ్ హ్యూస్టన్‌లో జరిగింది. దర్విష్ బంతిని హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటిది) కొట్టిన ఆస్ట్రోస్ ఆటగాడు యులి గురియెల్, డగౌట్‌లో కూర్చుని వేళ్లతో కళ్ల చివర్లు లాగి, ఆసియావాళ్ల కళ్లను వెక్కిరించాడు. గురియెల్ అంతకుముందు జపాన్ లీగ్‌లో ఆడినవాడే! జపాన్‌లో అందరూ దర్విష్‌లోని ఇరాన్ మూలాల గురించే మాట్లాడితే, హ్యూస్టన్‌లో అతను ఒట్టి ఆసియావాడు. రెండు చోట్లా ఎదుటివాళ్లే అతను ఎవరో తేల్చేశారు. లీగ్ గురియెల్‌కు ఐదు మ్యాచ్‌ల నిషేధం వేసి, దాన్ని తర్వాతి సీజన్‌కు నెట్టేసింది. సిరీస్ మధ్యలో జట్టుకు నష్టం జరగకూడదన్న ఆ లెక్క నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. దర్విష్ మాత్రం ఎవరూ పరిపూర్ణులు కారని, నిందించడం కన్నా దీన్నుంచి నేర్చుకోవడం మేలని అన్నాడు.

ఏడో మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు. డాడ్జర్స్ ఓడింది. అభిమానులు అతని మీద విరుచుకుపడ్డారు. ఏ బంతి వేయాలో క్యాచర్ పిచర్‌కు చెప్పే సైగలను ఆ సీజన్‌లో ఆస్ట్రోస్ కెమెరాతో దొంగిలించిన సంగతి తర్వాత బయటపడింది. అయితే అది వాళ్ల సొంత మైదానంలో నడిచిన వ్యవహారం, ఏడో మ్యాచ్ జరిగింది లాస్ ఏంజెలెస్‌లో. ఆ ఓటమిని మొత్తం దాని ఖాతాలో వేయలేం.

అందుకే నాకు 2009 కన్నా 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ముఖ్యం. అప్పటికి అతనికి 36 ఏళ్లు. జపాన్ జట్టులోని మేజర్ లీగ్ ఆటగాళ్లలో అతనొక్కడే మొదటి రోజు నుంచీ మియాజాకిలోని సన్నాహక శిబిరంలో ఉండి, కుర్ర పిచర్లకు తన మెళకువలన్నీ చెప్పాడు. అదే జట్టులోకి అమెరికాలో పుట్టిన లార్స్ నూట్‌బార్ వచ్చాడు, అతని తల్లి జపనీయురాలు. జపాన్ బయట పుట్టినవాడు, తల్లి వైపు సంబంధంతో ఆ జట్టులో ఆడడం అదే మొదటిసారి. అమెరికాతో ఫైనల్లో దర్విష్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ ఇచ్చాడు, ఆధిక్యం ఒక్క పరుగుకు తగ్గింది. తర్వాత సహచరుడు షోహెయ్ ఒటానీ పిచర్‌గా వచ్చి, 3-2తో జపాన్‌ను గెలిపించాడు. ఆ టోర్నీలో దర్విష్ అంకెలు గొప్పగా లేవు. అయినా ఆ జట్టు గెలుపులో అతని వాటా ఎంతో అడిగితే, ఆ కుర్ర పిచర్లు మియాజాకి రోజుల నుంచే లెక్క మొదలుపెడతారు.