‘లోకల్’ బోర్డు పెట్టినంత మాత్రాన రైతు బాగుపడడు

వాట్సాప్‌లో ఈమధ్య ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: “సూపర్ మార్కెట్లు మన చుట్టుపక్కల పండినవే అమ్ముతున్నాయి. మధ్యలో దళారీ లేడు. రైతుకు మంచి ధర వస్తోంది. అక్కడ మీరు పెట్టే ప్రతి రూపాయీ మన జిల్లాలోనే తిరుగుతుంది.” వినడానికి బాగానే ఉంది. ఒక్కో మాటా చూద్దాం.

“చుట్టుపక్కల పండినవే.” కూరగాయల వరకు కొంత నిజం. హైదరాబాద్‌కు చేవెళ్ల, వికారాబాద్, వంటిమామిడి వైపు నుంచి ఆకుకూరలు, టమాటా, వంకాయ వస్తాయి. కానీ నెల సామాన్ల బిల్లు తీసి చూడండి, అందులో కూరగాయలెన్ని? పామాయిల్ దాదాపు అంతా దిగుమతే. కందిపప్పులో కొంత మయన్మార్, ఆఫ్రికా దేశాలది. ఉల్లి ఎక్కువగా మహారాష్ట్రది. కిరాణా కొట్టులోనూ ఇవే ఉంటాయి, కాకపోతే కొట్టాయన ఈ గొప్పలు చెప్పుకోడు. పైగా ‘ఫ్రెష్’, ‘నేచురల్’ లాంటి మాటలు ఎప్పుడు వాడాలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లో షరతులున్నాయి. ‘లోకల్’ ఆ జాబితాలో లేదు. ఎంత దూరం లోకలో దుకాణం వాళ్ల ఇష్టం.

“దళారీ లేడు.” 2006లో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు హైదరాబాద్‌లోనే తెరిచినప్పటి నుంచీ వింటున్న మాట ఇది. కంపెనీలు పల్లెల దగ్గర కలెక్షన్ సెంటర్లు పెట్టి కొనడం నిజమే. అక్కడ తూకం సరిగ్గా ఉంటుంది, కమీషన్ కోత ఉండదు, డబ్బు ఖాతాలో పడుతుంది. మార్కెట్ యార్డులో తరుగు (తూకంలో కోత) పేరుతో ఏళ్ల తరబడి నష్టపోయిన రైతుకు ఇది చిన్న విషయం కాదు. అయితే ధర మాత్రం సాధారణంగా ఆ రోజు మార్కెట్ రేటు చూసి అటూ ఇటూగా సెంటరే చెబుతుంది. సరుకు చాలకపోతే హోల్‌సేల్ మార్కెట్ నుంచి సప్లయర్లు తెచ్చి వేస్తారు. దళారీ ఎక్కడికీ పోలేదు, మనకు కనిపించడం మానేశాడంతే.

“రైతుకు మంచి ధర.” అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఒక రైతు 40 క్రేట్ల టమాటా కోశాడనుకుందాం. సెంటర్‌కు ఆ రోజు కావాల్సింది 15. అందులోనూ సైజు సమానంగా, దోర రంగులో, మచ్చ లేకుండా ఉన్నవే తీసుకుంటారు. మిగతా 25 క్రేట్లు మళ్లీ ఆటోకెత్తి యార్డుకు తోలాలి. మేలైన కాయ ఏరేశాక మిగిలిన సరుకు కాబట్టి వేలంలో పాట లేవదు. ఆలస్యంగా వెళ్తే మరీ అధ్వానం. కిలోకు రూపాయో రెండో ఎక్కువొచ్చింది ఆ 15 క్రేట్లకే, ఆటో కిరాయి మాత్రం రెండుసార్లు. చాలాచోట్ల రాతపూర్వక ఒప్పందం ఉండదు కాబట్టి, రేపు అసలేమీ వద్దన్నా అడిగే దిక్కుండదు. ధర పడిపోయి టమాటా రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో, ఫలానా సూపర్ మార్కెట్ రెట్టింపు కొని ఆదుకుందని నేనైతే వినలేదు.

టమాటాకు మనం పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలని 2024లో ఆర్‌బీఐ వర్కింగ్ పేపర్ ఒకటి లెక్కగట్టింది. అది మొత్తం మార్కెట్ లెక్క, సూపర్ మార్కెట్లది విడిగా కాదు. మేం అంతకంటే మెరుగు అనేవాళ్లు, రైతుకు కిలోకు ఎంతిచ్చారో అమ్మకం ధర పక్కనే రాసి పెట్టొచ్చు కదా! 1999లో మొదలైన రైతు బజార్లలో గుర్తింపు కార్డున్న రైతే అమ్ముకుంటాడు, మనం ఇచ్చింది నేరుగా అతని చేతికే వెళ్తుంది. చిన్న కాయైనా, మచ్చ కాయైనా సాయంత్రానికి రేటు తగ్గించి వదిలించుకుంటాడు. అక్కడ బినామీల (రైతుల పేరుతో అమ్మే వ్యాపారుల) బెడద ఉంది, కాదనను.

“ప్రతి రూపాయీ జిల్లాలోనే.” జీతాలు, అద్దె, కరెంటు బిల్లు ఇక్కడివే. లాభం మాత్రం కంపెనీ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. డీమార్ట్‌ది ముంబై, రత్నదీప్‌ది హైదరాబాద్. ఇక ఆ రూపాయి ఊళ్లో పచ్చళ్లు, పొడులు చేసే ఆమెకైనా చేరుతుందా? పెద్ద సూపర్ మార్కెట్ అరలో చోటు కావాలంటే బార్‌కోడ్ ఉండాలి, సరుకు అరువుకివ్వాలి, గడువు దాటిన సీసాలు వెనక్కి తీసుకోవాలి. రిజిస్టరైన చిన్న తయారీదారుకు 45 రోజుల్లోపు డబ్బివ్వాలని చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఆ చట్టం పట్టుకుని ఫిర్యాదు చేస్తే మరుసటి ఆర్డర్ రాదని ఆమెకు తెలుసు.