తీరిక గండం గడిచింది

ముందుగా శుభవార్త. మానవజాతి నెత్తిన దాదాపు వందేళ్ళుగా వేలాడుతున్న ఒక పెద్ద గండం గడిచినట్టే కనిపిస్తోంది. ఆ గండం పేరు తీరిక.

ఊరికే అంటున్న మాట కాదు. జాన్ మేనార్డ్ కీన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1930లో ఒక వ్యాసం రాశాడు. అందులో మనందరి జాతకం ఉంది. వందేళ్ళు తిరిగేసరికి ముందున్న దేశాల్లో జీవన ప్రమాణం నాలుగు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందట. అప్పుడు వారానికి పదిహేను గంటలు పనిచేస్తే చాలట. అదైనా అవసరం కొద్దీ కాదు, చేతులు ఊరుకోవు కాబట్టి. మిగిలిన కాలాన్ని ఏం చేసుకోవాలో తెలియక మనిషి తికమక పడతాడని ఆయన నిజంగానే బెంగపెట్టుకున్నాడు.

జాతకం సగం ఫలించింది. ఆ దేశాల్లో ఆదాయాలు ఆయన చెప్పినట్టే పెరిగాయి. ఇక గడువు 2030. పదిహేను గంటల వారం మాత్రం ఎక్కడా దరిదాపుల్లో లేదు. ఆ పదిహేను గంటలూ మనం మంగళవారం సాయంత్రానికే పూర్తి చేసేసి, మిగతా వారమంతా తీరిక దగ్గరికి రాకుండా కాపలా కాస్తున్నాం. ఇంత పెద్ద ప్రమాదాన్ని మనుషులందరూ కలిసి, ఒక్క మీటింగైనా పెట్టుకోకుండా తప్పించుకోవడం చరిత్రలో మరెక్కడా జరగలేదనుకుంటాను. సరే, మీటింగులు పెట్టుకున్నాం. చాలానే పెట్టుకున్నాం.

అన్నట్టు, మనవల తరానికి తీరిక రాసిచ్చిన కీన్స్‌కు పిల్లలు లేరు. తీరికా లేదు. 1946లో పోయేదాకా పని చేస్తూనే ఉన్నాడు.

తీరిక అనే ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు రాకముందు చేతిపనివాళ్ళు ఆదివారం బడలిక తీర్చుకోవడానికి సోమవారం కూడా పని ఎగ్గొట్టేవారు. దానికి ‘సెయింట్ మండే’ అని ముద్దుపేరు. అంటే సోమవారాన్ని ఏకంగా పుణ్యపురుషుణ్ణి చేసేశారు. పద్దెనిమిదో శతాబ్దంలో పింగాణీ సామాను చేయించిన జోసయా వెడ్జ్‌వుడ్ లాంటి యజమానులు ఈ పుణ్యపురుషుడితో తలపడ్డారు. పొద్దున్నే గంట కొట్టించారు. ఎవరు ఎప్పుడు వచ్చారో రాయించారు. తరవాత ఫ్యాక్టరీ ఊళ్ళలో ఇంకో ఉద్యోగం పుట్టింది. తెల్లవారుజామున వీధివీధీ తిరుగుతూ పొడవాటి కర్రతో కిటికీలు తట్టి కార్మికుల్ని లేపే పని అది. తట్టించుకున్నవాళ్ళే వాళ్ళకు డబ్బులిచ్చేవారు. అలారం గడియారం ప్రతి ఇంటికీ వచ్చేదాకా ఆ ఉద్యోగం బతికింది. ఇప్పుడు ఆ కర్ర మన దిండు పక్కనే పడుకుంటోంది. దాన్ని కొన్నదీ మనమే, రాత్రి మర్చిపోకుండా చార్జింగ్ పెట్టేదీ మనమే.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదీ నలభైకి నా కర్ర కిటికీ తట్టింది. మా పైఅధికారి మెసేజ్. “అర్జెంటేం కాదండీ, తీరిక ఉన్నప్పుడు ఒకసారి చూడండి.” ఈ వాక్యాన్ని కొంచెం ఆగి చదవాలి. ‘అర్జెంటేం కాదు’ అంటే ఇప్పుడే అని. ‘తీరిక ఉన్నప్పుడు’ అంటే నీకు తీరిక ఉందని నాకు తెలిసిపోయిందని. ‘ఒకసారి’ అంటే నాలుగు సార్లు. ‘అండీ’ ఒక్కటే నిజం. నేను తొమ్మిదీ నలభై రెండుకల్లా జవాబిచ్చాను, రెండు నిమిషాలు ఆలస్యమైనందుకు సారీ చెబుతూ. ఫ్రాన్స్‌లో ఇలాంటి మెసేజ్‌కు జవాబివ్వకపోవడం హక్కు అని 2017 నుంచి చట్టం అమల్లో ఉంది. ఫోన్ కింద పెట్టడానికి పార్లమెంటు దాకా వెళ్ళాల్సి వచ్చిందంటే, తీరికను మనం ఎంత దూరం తరిమేశామో చూడండి.

దీన్ని బలవంతం అనుకుంటే పొరపాటు. ఇది గౌరవం. ఒకప్పుడు డబ్బున్నవాడు ఏ పనీ చేయకపోవడమే గొప్పగా చూపించుకునేవాడని అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టైన్ వెబ్లెన్ 1899లో రాశాడు. చేతులకు మట్టి అంటకపోవడమే అప్పటి హోదా. ఇప్పుడు హోదా చెయ్యి మార్చుకుంది. “ఎలా ఉన్నారు?” అంటే “బాగున్నాను” అనేవాడు చిన్నవాడు. “అబ్బే, ఊపిరి సలపడం లేదు” అనేవాడు పెద్దవాడు. మన భాష కూడా ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. చేతినిండా పనుంటే దీవెన, పనీపాటా లేకపోతే తిట్టు. “మావాడు ప్రస్తుతం ఖాళీగా ఉన్నాడండీ” అని ఏ తండ్రయినా తలెత్తుకుని చెప్పడం నేను వినలేదు. వాడు సుఖంగా ఉన్నాడని కదా ఆ మాటకు అర్థం రావాలి?

ఇక ఇల్లు. తీరిక మీద యుద్ధంలో అసలు విజయం అక్కడిదే, పతకాలు మాత్రం అక్కడికి వెళ్ళలేదు.

కీన్స్ వ్యాసంలోనే దీనికి మూలం ఉంది. ఇంగ్లండ్, అమెరికాల్లో కలవారి భార్యలకు అప్పటికే నరాల జబ్బులు వస్తున్నాయని ఆయన రాశాడు. కారణం, డబ్బు వచ్చి వాళ్ళ వంటా, ఊడ్చడం, చిరుగులు కుట్టుకోవడం ఎత్తుకుపోవడం. అదే వ్యాసంలో, ముసలి పనిమనిషి ఒకామె తన సమాధి మీద రాయించుకున్న పాత పద్యం కూడా ఉదహరించాడు. నా కోసం ఏడవకండి, ఇక ఎన్నటికీ ఏ పనీ చేయక్కర్లేని చోటికి వెళుతున్నాను అని దాని సారం. తీరిక ఒకటే. ఇంటామెకు వస్తే జబ్బు, పనామెకు వస్తే మోక్షం, అదీ పోయాక.

తరవాత యంత్రాలు వచ్చాయి. బట్టలుతికేది ఒకటి, దుమ్ము పీల్చేది ఇంకొకటి. ఇక ఆడవాళ్ళకు కాలక్షేపం కావడం కష్టమని లోకం కంగారుపడింది. అమెరికాలో ఉద్యోగం చేయని గృహిణుల పనిగంటలను జోఆన్ వానెక్ అనే పరిశోధకురాలు లెక్కకట్టి 1974లో అచ్చువేసింది. 1920లలో వారానికి 52 గంటలు. అన్ని యంత్రాలూ ఇంట్లోకి వచ్చాక, 1960లలో, 55. ఇందులో మాయేమీ లేదు. యంత్రం లేనప్పుడు చొక్కా రెండు రోజులు వేసుకునేవాళ్ళం. యంత్రం వచ్చాక పూట దాటితే ఉతుకుడు బుట్టలో పడేస్తున్నాం. చేతులకు దక్కాల్సిన విశ్రాంతి మన చొక్కాలకు దక్కింది.

ఈ గంటలన్నీ దేశ సంపద కింద ఎందుకు రావని మీరు అడగవచ్చు. కేంబ్రిడ్జిలో కీన్స్ కాలేజీకే చెందిన ఆర్థర్ పిగూ కూడా ఇదే ఆలోచించాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆమెనే పెళ్ళాడితే జాతీయాదాయం ఆ మేరకు తగ్గిపోతుందన్నాడు. అదే గిన్నె, అదే చీపురు, అవే చేతులు. జీతం ఆగింది కాబట్టి పని లెక్కలోంచి ఎగిరిపోయింది. పిగూ జీవితాంతం బ్రహ్మచారిగానే ఉండిపోయాడు. జాతీయాదాయానికి తన వల్ల ఏ నష్టమూ రానివ్వలేదు. ఆర్థికవేత్త అంటే అలా ఉండాలి.

ఈ చక్కటి ఏర్పాటు ఒకసారి బెడిసింది. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో దాదాపు తొంభై శాతం ఆడవాళ్ళు ఆఫీసు పనీ మానేశారు, ఇంటి పనీ మానేశారు, పిల్లల్ని చూసుకోవడమూ మానేశారు. సమ్మె అంటే కొందరు జడుసుకుంటారని దానికి ‘ఆడవాళ్ళ సెలవు రోజు’ అని పేరు పెట్టారు. సెలవు అనగానే జడుసుకోవాల్సిన వాళ్ళు జడుసుకోలేదు, పొద్దున్నే తెలిసొచ్చింది. బడులు మూత, ఫోన్ ఎక్స్‌ఛేంజీలు మూత. నాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్ళారు. రేడియోలో మగవాళ్ళు వార్తలు చదువుతుంటే వెనకాల పిల్లల గోల వినిపించిందట. మరుసటి ఏడాది సమాన హక్కుల చట్టం వచ్చింది. అయిదేళ్ళకు, 1980లో, విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ అనే ఆమెను దేశాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఒక్క రోజు తీరిక దొరికితే ఎంతకు తెగిస్తారో గమనించే మిగతా ప్రపంచం జాగ్రత్తపడినట్టుంది.

అయినా కాలం మారలేదని ఎలా అంటాం? మా ఇంట్లో నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగస్తులమే. ఇద్దరికీ లాప్‌టాప్, ఇద్దరికీ హెడ్‌ఫోన్, ఇద్దరికీ ఒకే రకం కుర్చీ. సమానత్వానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇంటి పని కూడా పంచుకున్నాం. నేను ‘హెల్ప్’ చేస్తాను. ఏ పనికి హెల్ప్ కావాలో గుర్తుపెట్టుకుని, సరైన టైంకి నాకు చెప్పి, నేను చేశాక బాగుందనడం ఆవిడ వంతు. ఎవరి పనికి నేను హెల్ప్ చేస్తున్నానని ఆవిడ ఒకసారి అడిగింది. ఆ రోజు నాకు ఊపిరి సలపనంత పని ఉంది.

మా వాషింగ్ మెషిన్ పని అవగానే పాట పాడుతుంది, చిన్న సంతోషకరమైన బాణీ. ఇప్పుడు పాడుతోంది. మా ఆవిడ అవతలి గదిలో మీటింగులో ఉంది. నేనిక్కడ ఇంటిపని మీద వ్యాసం రాస్తున్నాను, మధ్యలో లేస్తే ఆలోచన తెగిపోతుంది. పాట రెండోసారి మొదలైంది. అవతలి గదిలో మాట ఆగింది, కుర్చీ జరిగింది, మూత తెరిచిన చప్పుడు. మ్యూట్ నొక్కే లేచి ఉంటుంది, ఆ విషయంలో చాలా పద్ధతిగా ఉంటుంది. నేను ఐస్‌లాండ్ పేరా ఇంకోసారి సరిచూసుకుంటున్నాను.