తోట మనదైతే కొట్టు నడుస్తుందా?

మొన్న పెళ్లి భోజనాల దగ్గర మా బావతో వాదన. "సినిమాలు తీసేది నిర్మాతలే, పాత సినిమాల గుట్ట కూడా వాళ్లదే. ఇంకొకడి ఓటీటీకి అమ్మడం దేనికి? సొంత యాప్ పెట్టుకుంటే డబ్బంతా వాళ్లకే కదా" అంటాడు. 2019లో హాలీవుడ్ స్టూడియోలు కూడా ఇదే అనుకున్నాయి బావా, ఏమైందో చెప్తా విను అన్నాను. ఐస్‌క్రీం దగ్గరికి వెళ్లిపోయాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాకు నూజివీడు దగ్గర చిన్న మామిడి తోట ఉండేది. నాన్న ఏటా పూత మీదే గుత్తకిచ్చేసేవారు. గాలివానకి కాయ రాలినా ఆ టెన్షన్ గుత్తదారుది. ఒక్క ఏడాది మాత్రం "మన కాయలు మనమే అమ్ముకుందాం" అని విజయవాడలో కొట్టు తీసుకున్నారు. కాయ ఉండేది రెండున్నర నెలలు, అద్దె పన్నెండు నెలలు. జూలై వచ్చేసరికి కొట్టు నింపడానికి బత్తాయిలు కొనాల్సి వచ్చింది. మరుసటేడు మళ్లీ గుత్తే.

డిస్నీ చేసింది కూడా అదే. తన సినిమాలు నెట్‌ఫ్లిక్స్‌కి ఇక ఇవ్వనని 2017లో చెప్పి, 2019 నవంబర్‌లో నెలకి 6.99 డాలర్లకి డిస్నీ ప్లస్ అని సొంత యాప్ తెరిచింది. జనం ఎగబడ్డారు. 2022 సెప్టెంబర్ చివరికి 16.4 కోట్ల మంది చందాదారులు. అదే మూడు నెలల్లో స్ట్రీమింగ్ వ్యాపారం మొత్తం మీద నష్టం దాదాపు 147 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కన 12 వేల కోట్ల రూపాయలు! నవంబర్‌లో ఆ లెక్కలు బయటికొచ్చాయి, రెండు వారాలు తిరక్కుండానే సీఈఓ ఇంటికెళ్లిపోయాడు.

ఇంకో తమాషా. ఆ 16.4 కోట్లలో 6 కోట్ల పైన, అప్పట్లో డిస్నీ చేతిలో ఉన్న మన హాట్‌స్టార్ వాళ్లే. వాళ్ల నుంచి తలకి నెలకి ఒక్క డాలర్ కూడా రాలేదు. పైగా మన వాళ్లలో చాలామంది వచ్చింది మార్వెల్ కోసం కాదు, ఐపీఎల్ కోసం. అది డిస్నీ తోటలో కాసింది కాదు, బయట కొన్న బత్తాయి. 2022 వేలంలో ఆ ఐపీఎల్ డిజిటల్ హక్కుల్ని 23,758 కోట్ల రూపాయలకి రిలయన్స్ వాళ్ల వయాకామ్18 ఎగరేసుకుపోయింది. 2023 జూలై నాటికి హాట్‌స్టార్ చందాదారులు 4 కోట్లకి పడిపోయారు.

అయినా అసలు నష్టం ఈ లెక్కల్లో కనపడదు. 'ఫ్రెండ్స్' సీరియల్‌ని 2019 ఒక్క ఏడాది ఉంచుకోవడానికి నెట్‌ఫ్లిక్స్ దాదాపు 10 కోట్ల డాలర్లు ఇచ్చిందని అప్పట్లో వార్తలు. ఎప్పుడో తీసి పెట్టిన సీరియల్, కొత్తగా పైసా ఖర్చు లేదు. దాన్ని తీసిన వార్నర్ స్టూడియో వాళ్లు వెనక్కి తెచ్చి సొంత ఓటీటీ హెచ్‌బీఓ మ్యాక్స్‌లో పెట్టుకున్నారు. ఐదేళ్లకి 42.5 కోట్ల డాలర్లట. ఇచ్చేదీ వాళ్లే, పుచ్చుకునేదీ వాళ్లే. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకుంటే ఇంట్లోకి కొత్త డబ్బు ఎక్కడిది? బయటి నుంచి వచ్చే గుత్త మాత్రం ఆగిపోయింది. 2023కల్లా అదే వార్నర్ కొన్ని హెచ్‌బీఓ సీరియళ్లని మళ్లీ నెట్‌ఫ్లిక్స్‌కే అమ్మింది.

చందాదారుడి సంగతీ చూడండి. ఒక సిరీస్ కోసం చేరతాడు, అయిపోగానే ఆపేస్తాడు. నేనూ అంతే, సిగ్గేం లేదు. వాణ్ని పట్టి ఉంచాలంటే ప్రతి నెలా కొత్త సరుకు కావాలి. ఒక్క స్టూడియో ఎన్నని తీస్తుంది?

"మరి డిస్నీకి 2024 నుంచి లాభాలొస్తున్నాయిగా" అంటారు. వస్తున్నాయి. కానీ 6.99 ఉన్న ధర 2025 అక్టోబర్‌కి, యాడ్స్ లేకుండా చూడాలంటే, 18.99 అయింది. డిస్నీ పేరుంది కాబట్టి జనం భరించారు. ఎన్‌బీసీ వాళ్ల ఓటీటీ పీకాక్ 2023 ఒక్క ఏడాదిలోనే 270 కోట్ల డాలర్ల పైన పోగొట్టుకుంది.

మన దగ్గర ఈ లెక్క అల్లు అరవింద్ గారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. ఆహా ఓటీటీ పెట్టినవాళ్లలో ఆయనొకరు, సినిమాలు తీసే గీతా ఆర్ట్స్ ఆయనదే. 2025లో ఆ గీతా ఆర్ట్స్ సినిమా 'తండేల్' ఓటీటీలో ఎక్కడొచ్చింది? నెట్‌ఫ్లిక్స్‌లో. ఈసారి బావ ఐస్‌క్రీం దగ్గరికి వెళ్లేలోపే ఇది అడుగుతా.