ఆ బోర్డు మీద పేరెవరిదో తెలుసుకుని మాట్లాడన్నా

నిన్న ఇక్కడ అమెరికాలో, అట్లాంటా పక్కన డెకాటర్‌లో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే క్లెయిర్‌మాంట్ రోడ్డు మీద మాజీ సైనికుల ఆస్పత్రి బోర్డు కనిపించింది. పక్క సీట్లో ఉన్నాయన, పదేళ్లుగా తెలిసినాయన, అది చూసి "ఇక్కడా మన దగ్గరలాగే తయారైంది, ఆస్పత్రికి ఎవడో రాజకీయ నాయకుడి పేరు తగిలించారు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇంకా చల్లారలేదు.

అన్నా, ఆ పేరు మాక్స్ క్లీలాండ్‌ది. మన అట్లాంటా పక్కన లిథోనియాలో పెరిగిన మనిషి. 1968 ఏప్రిల్ 8న వియత్నాంలో ఖే సాన్ దగ్గర హెలికాప్టర్ దిగాడు, నేల మీద గ్రెనేడ్ కనిపించింది, తనదే జారిపడిందనుకుని తీయబోయాడు. పేలింది. రెండు కాళ్లూ, కుడి చేయీ పోయాయి. అప్పటికి పాతికేళ్లు, ఇంకో నెలలో ఇంటికి రావాల్సినవాడు. నా అజాగ్రత్త వల్లే ఇదంతా అని ముప్పై ఏళ్లు లోపల్లోపలే కుమిలిపోయాడు. ఆ రోజు పరిగెత్తుకొచ్చి సాయం చేసిన సైనికుడు 1999లో "అది నీది కాదు, ఇంకో కుర్రాడిది" అని చెప్పేదాకా ఆ సంగతే తెలియదు. ముప్పై ఏళ్లు!

అలాంటివాణ్ణి 1977లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ మాజీ సైనికుల శాఖకు అధిపతిని చేశాడు. వియత్నాం నుంచి వచ్చినవాళ్లు నిద్రపట్టక, తాగుడికి పడి, ఇంట్లోవాళ్లతో మాట్లాడలేక నలిగిపోతున్నారు, కానీ ప్రభుత్వాసుపత్రి గడప తొక్కరు, ప్రభుత్వమంటేనే వాళ్లకు కోపం. అందుకే 1979లో వెట్ సెంటర్లు, అంటే మాజీ సైనికుల మనసు గోడు వినే కేంద్రాలు, మొదలయ్యాయి. ఆస్పత్రికి దూరంగా, వీధిలో మామూలు షాపు గదుల్లో పెట్టారు, కూర్చుని వినేవాళ్లలో తమలాగే యుద్ధం చూసొచ్చినవాళ్లూ ఉండేవాళ్లు. ఆ మనోవ్యాధి పీటీఎస్‌డీ అన్న పేరుతో వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది 1980లో. అంటే దానికి పేరు కూడా సరిగ్గా ఖాయం కాకముందే వాళ్ల వీధిలోకి వెళ్లి తలుపు తెరిచి కూర్చోబెట్టాడు. ఇవాళ అవి దేశమంతా దాదాపు 300 ఉన్నాయి.

ఇక 2002. అప్పటికే సెనేటర్‌గా ఉన్నాయన సెనేట్‌కి మళ్లీ పోటీ చేస్తే, బిన్ లాడెన్, సద్దాం హుస్సేన్ బొమ్మల పక్కన ఈయన బొమ్మ పెట్టి టీవీలో ప్రకటన వేశారు. దేశ భద్రతకు అడ్డుపడ్డాడట! ఆయన అడ్డుపడింది దేశ భద్రత కోసం కొత్తగా పెట్టబోతున్న శాఖలో ఉద్యోగుల హక్కులు తీసేయడానికి. మూడు అవయవాలు దేశానికిచ్చిన మనిషి మీద యుద్ధానికే వెళ్లని మనిషి గెలిచాడు. ఆ దెబ్బకు కుంగిపోయి, తాను ఎవరికోసం ఆ సెంటర్లు పెట్టించాడో వాళ్లలాగే మళ్లీ చికిత్సకు వెళ్లాల్సి వచ్చింది. 2021 నవంబర్ 9న పోయాడు.

అన్నట్టు, ఇది అమెరికా సంగతే అనుకోవద్దు. 2015 ఆగస్టు 14, స్వాతంత్ర్య దినానికి ముందు రోజు, ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న ముసలి సైనికుల్ని పోలీసులు తోసేశారు. మెడల్స్ పెట్టుకున్న చొక్కాలు పట్టి లాగారు. మర్నాడు అందరం జెండా ఫొటోలు పెట్టుకున్నాం. ఆ రోజు నుంచి నాకు ఆ ఫొటోలంటే గుండెలో ముల్లు.

మా బాబాయి 71 యుద్ధంలో చేశాడు. ఊళ్లో ఇప్పటికీ మిలట్రీ ఆయన అనే అంటారు. నవంబర్ వస్తే బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. పొలం పనులకు అరిగిపోయి ఆయన వేలిముద్ర మిషన్ మీద పడదు. కౌంటర్‌లో కుర్రాడు "మళ్లీ పెట్టు తాతా, గట్టిగా నొక్కు" అంటుంటే లుంగీకి వేలు తుడుచుకుని మళ్లీ పెట్టడం నేను పక్కనుండి చూశాను. ఏడుసార్లు. అయినా ఆయన తన కాగితం ఒక్కటే పట్టుకుని రాడు. చుట్టుపక్కల ఊళ్లలో మంచం దిగలేని పాత సైనికులవీ, పోయినవాళ్ల భార్యలవీ పెన్షన్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఎక్సెల్ బండి మీద ఇల్లిల్లూ తిరుగుతాడు. "వాళ్లు ఆఫీసుకి రాలేరురా, మనమే వెళ్లాలి" అంటాడు. క్లీలాండ్ పేరు ఆయన జన్మలో వినలేదు.

రాత్రి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "మరి ఆ ఒక్క చేత్తో ఆయనకి ఇంట్లో చేసిపెట్టే మనిషి ఎవరన్నా ఉన్నార్రా?" అని అడిగాడు. పెళ్లి చేసుకోలేదు బాబాయ్ అన్నాను. చాలాసేపు అవతలి నుంచి మాట రాలేదు.